ఎండ తెరిచిన దారిలో వాన దిగుతుంది

ఈ పూట మాట్లాడుకోబోయేది మన తల మీది కప్పు గురించి. ఇల్లు కట్టుకున్నవాళ్లకు, కట్టుకోబోతున్నవాళ్లకు, పాత ఇంటికి మరమ్మతు చేయించాలని చూస్తున్నవాళ్లకు పనికొచ్చే సంగతి. చిట్యాల మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారిలో బస్సు కిటికీలోంచి చూడండి. చౌటుప్పల్ దాటిన దగ్గర్నుంచి నార్కట్‌పల్లి దాకా ఎక్కడ చూసినా కొత్త స్లాబులు లేస్తున్నాయి. ముందు గోడకు గ్రానైటు, టైల్సు, రంగురంగుల ఎలివేషను. ముచ్చటగానే ఉన్నాయి. కానీ అలాంటి ఇంటికే మెట్లెక్కి పైకి వెళ్తే తరచూ కనిపించేది వేరు. బూడిదరంగు స్లాబు. మూలన నీళ్లు నిలిచి ఎండిన మరక. పిట్టగోడ అడుగున సన్నటి చీలిక. ఆకులతో పూడిన తూము. దారిన పోయేవాళ్లకు కనబడే గోడకు బాగానే ఖర్చు పెట్టాం. ఎండనూ వాననూ అందరికంటే ముందు మోసే కప్పును మాత్రం స్లాబు వేసిన నాడే మరిచిపోయాం. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇంటి బయటి పనులకు డబ్బు తీసేటప్పుడు ఒక వరుస పాటించాలి. ముందు నీటికి దారి. తర్వాత ఎండకు అడ్డు. ఆ రెండూ అయ్యాకే అందం. ఈ వరుస తప్పితే అందానికి పెట్టిన డబ్బు కూడా వానపాలవుతుంది.

ఒకసారి పాత ఇళ్లను తలుచుకోండి. మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో మట్టి మిద్దెలుండేవి. గూన పెంకల ఇళ్లుండేవి. గడ్డి కప్పిన గుడిసెలుండేవి. వీటిలో ఏదీ ఒకసారి కట్టి వదిలేసేది కాదు. మట్టి మిద్దెకు దూలాలు, వాటి మీద దంతెలు, ఆ పైన మట్టి, మట్టి మీద చౌడు. వానలకు ముందు మిద్దె ఎక్కి చౌడు సరిచూసుకోకపోతే ఇల్లు ఉరిసేది. గూన పెంకల ఇంటికి పగిలిన పెంకలు తీసి, కోతులు కదిలించిన చోట మళ్లీ సర్ది కప్పేవారు. గుడిసెకు గడ్డి మార్చేవారు. మృగశిర కార్తె వచ్చేలోపు కప్పు పని ముగియాలన్నది అందరికీ తెలిసిన లెక్క. ఆ తర్వాత స్లాబు వచ్చింది. ఏటేటా ఉండే ఆ అవస్థ తప్పిందని సంతోషించాం. అందులో న్యాయం ఉంది. స్లాబు మీద వడియాలు పెట్టుకోవచ్చు, చల్లటి రాత్రి పడుకోవచ్చు, రేపు చేతిలో డబ్బులుంటే పైన ఇంకో అంతస్తు వేసుకోవచ్చు. అయితే ఆ సంతోషంలో కప్పుకు చేయాల్సిన పని మొత్తం పోయిందనుకున్నాం. పని పోలేదు, తగ్గింది, అంతే. పైగా పెంకల ఇల్లు తన బాధ వెంటనే చెప్పేది. చుక్క పడిన చోటికి దగ్గర్లోనే పగిలిన పెంక ఉండేది. స్లాబు అలా చెప్పదు. పైన ఒకచోట దిగిన నీళ్లు లోపల్లోపలే నడిచి మరోచోట మరకగా తేలతాయి. ఆ మరక మన కంటపడేసరికి లోపలి సలాకకు తుప్పు మొదలై ఉండొచ్చు.

స్లాబుకు అసలేమవుతుందో కొంచెం నిదానంగా చూద్దాం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. మే నెలలో మన జిల్లాలో ఎండ 45 డిగ్రీల దాకా పోవడం వింతేమీ కాదు. అది గాలి వేడి. అదే ఎండలో మాసిన స్లాబు ఉపరితలం 60 డిగ్రీలు కూడా దాటుతుంది. వేడికి కాంక్రీటు సాగుతుంది. రాత్రి చల్లబడి ముడుచుకుంటుంది. కింద నీడలో ఉన్న గోడ అంతగా సాగదు, అంతగా ముడుచుకోదు. పైది కదులుతుంటే కిందిది కదలదు. అందుకే చీలికలు ముందుగా అతుకుల దగ్గరే పుడతాయి. పిట్టగోడ స్లాబును తాకే చోట, మెట్ల గది గోడ స్లాబు మీద కూర్చున్న చోట, స్లాబు అంచున. వెంట్రుకంత సన్నటి చీలికలు. తర్వాత తొలకరి వస్తుంది. ఆ సందులో నీళ్లు దిగుతాయి. కొత్త కాంక్రీటులో ఉండే క్షార గుణం సలాకకు తుప్పు పట్టకుండా కాపాడుతుంది. ఏళ్ల తరబడి గాలీ నీరూ లోపలికి పోతూ ఉంటే ఆ కాపలా సడలిపోతుంది. ఇనుముకు తుప్పు పడితే, ఆ తుప్పుకు ఇనుముకంటే ఎక్కువ చోటు కావాలి. అది చుట్టూ ఉన్న కాంక్రీటును నెడుతుంది. గదిలో పైకప్పు నుంచి పెచ్చులు ఊడేది అందుకే. గుర్తుపెట్టుకోండి. ఎండ దారి తెరుస్తుంది. వాన ఆ దారిలో దిగుతుంది. తుప్పు లోపలి నుంచి పగలగొడుతుంది. మూడూ ఒకే గొలుసు. మొదటి రెండింటిని అడ్డుకుంటే మూడోది రాదు.

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు. మేం మంచి సిమెంటు వాడాం, ఇంజనీరు చెప్పినదానికంటే నాలుగు సలాకలు ఎక్కువే వేశాం, మా స్లాబుకేం కాదు అని. ఆ మాట పూర్తిగా కొట్టిపారేసేది కాదు. కానీ మన ప్రాంతంలో సిమెంటుకు కొరత లేదు. వాడపల్లి, హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు ఫ్యాక్టరీలే ఉన్నాయి. తప్పు జరిగేది ఎక్కువగా నీటి దగ్గర. మాలు తేలిగ్గా జారాలని కలిపేటప్పుడు నీళ్లు ఎక్కువ పోస్తారు. ఆ అదనపు నీరు ఆరిపోయాక కాంక్రీటులో సన్నటి ఖాళీలు మిగులుతాయి. స్లాబు వేశాక మాత్రం నీళ్లు పట్టడానికి బద్ధకిస్తారు. అంటే వద్దన్న చోట ఎక్కువ, కావాల్సిన చోట తక్కువ. మనం మామూలుగా కొనే పీపీసీ సిమెంటుతో వేసిన స్లాబుకు కనీసం 10 రోజులు తడి ఆరకూడదని మన దేశపు కాంక్రీటు ప్రమాణాలు చెబుతున్నాయి. మన ఎండలకు ఇంకో నాలుగు రోజులు పట్టినా నష్టం లేదు. ఇంకో సంగతి. సలాక సెంట్రింగు రేకును తాకేలా పడుకోకూడదు. కింద చిన్న కవర్ బ్లాకులు పెట్టి లేపాలి. అలా లేపినప్పుడే సలాక చుట్టూ కాంక్రీటు చేరుతుంది. ఇంకొకటి వాలు. పదడుగులకు అంగుళం, అంగుళమున్నర వాలు ఉండి, నీళ్లు తూము వైపు నడవాలి. ఇవి సుతారి మేస్త్రికి తెలియని సంగతులు కావు. కానీ గుత్తకు పని అప్పగించి ఇంటివాళ్లు అడగకపోతే తొందరలో జారిపోయే సంగతులు. కాబట్టి ఎన్ని సలాకలు వేశామన్న లెక్కతో ఆగిపోకండి. నీళ్లు ఎన్ని కలిపారు, ఎన్నాళ్లు పట్టారు, వాలు ఎటు ఉంది, ఇవి అడగండి.

స్లాబు ఎప్పుడో వేసేశాం, ఇప్పుడు ఉరుస్తోంది, ఏం చేయాలి అంటారా? ముందు నీళ్లు ఎక్కడివో కనుక్కోవాలి. మరక ఎండాకాలంలో కూడా తడిగానే ఉంటే అది వాన నీరు కాకపోవచ్చు. పైన ట్యాంకు పొర్లుతుండొచ్చు. మేడ మీది బాత్రూము పైపు కారుతుండొచ్చు. అది చూడకుండా స్లాబంతా రసాయనాలు పూయిస్తే డబ్బు పోతుంది, మరక మిగులుతుంది. వాన వచ్చినప్పుడే తడి కనిపిస్తే అప్పుడు కప్పు మీద వెతకాలి. వెతికే వరుస చెబుతాను. మొదట తూము. దాని మూతి పూడితే స్లాబు చెరువవుతుంది. ఎంత మంచి స్లాబైనా దాని మీద నీళ్లు నిలవ ఉండకూడదు. తర్వాత పిట్టగోడ అడుగు. అక్కడ గోడకూ స్లాబుకూ మధ్య మాలుతో గుండ్రంగా వంపు తిప్పి ఉండాలి. లేకపోతే నీళ్లు ఆ మూలలోనే కూర్చుంటాయి. చివరగా స్లాబు మధ్య భాగం. చీలిక కనిపిస్తే పైపైన సిమెంటు పాలు పూస్తే లాభం లేదు. చీలికను కాస్త వెడల్పుగా తెరిచి, దుమ్ము లేకుండా శుభ్రం చేసి, అందుకోసమే దొరికే పాలిమర్ కలిపిన మాలుతో నింపాలి. ఆ తర్వాతే పైన వాటర్‌ప్రూఫింగ్ పూత.

మన దగ్గర రెండు తప్పుడు మరమ్మతులు బాగా వాడుకలో ఉన్నాయి. మొదటిది, స్లాబు ఉరిసినప్పుడల్లా దాని మీద ఇంకో పొర మాలు పోయడం. దాని కింద పాత చీలిక అలాగే ఉంటుంది. కొత్త పొర కూడా రెండు ఎండాకాలాలకు చీలుతుంది. పోసిన ప్రతి పొరా స్లాబుకు మోయాల్సిన బరువే. రెండోది ఇంకా ప్రమాదం. పెచ్చులూడిన చోట కింద నుంచి పుట్టీ పెట్టి రంగు వేయడం, లేదా ఫాల్స్ సీలింగుతో కప్పేయడం. తుప్పు ఆగదు, మన కంటికి కనబడకుండా పోతుందంతే. పెచ్చులూడి సలాక బయటపడితే వదులుగా ఉన్న కాంక్రీటంతా కొట్టేయాలి. తుప్పును ఇనుము మెరిసేదాకా గీకాలి. తుప్పు నిరోధక పూత వేసి, అప్పుడు మాలు పెట్టాలి. సలాక సగానికి సన్నబడి ఉంటే అది మేస్త్రి పని కాదు, ఇంజనీరును పిలవాల్సిన పని. ఇక వేళ సంగతి. ఇల్లు ఉరిశాక, ముసురు పట్టాక మేస్త్రి కోసం పరుగులు పెడతాం. తడి స్లాబు మీద వేసిన చాలా పూతలు సరిగా అంటుకోవు, తర్వాత బుడగలు లేచి ఊడిపోతాయి. కప్పు ఎండి ఉన్నప్పుడే కప్పు పని. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ మొదటి రోజులు మంచి కాలం. పాత ఇంటివాళ్లు మృగశిరకు ముందే ఎందుకు మిద్దె ఎక్కేవారో స్లాబుకూ అదే కారణం.

నీటి సంగతి చూశాం. రెండోది ఎండ. రాత్రి పదింటికి బయట గాలి చల్లబడినా గదిలో ఫ్యాను వేడి గాలే విసురుతుంది కదా? పగలంతా స్లాబు మింగిన వేడి నిదానంగా కిందికి దిగుతూ ఉండటమే దానికి కారణం. ఏసీ ఆ వేడిని బయటికి తోడుతుంది. తోడినకొద్దీ పైనుంచి మళ్లీ దిగుతూనే ఉంటుంది, కరెంటు బిల్లు పెరుగుతూనే ఉంటుంది. ఓటి కుండలో నీళ్లు పోసినట్టు. మరి ఆ వేడి అసలు లోపలికి రాకుండా చేసే ఉపాయం చాలా పాతది. కప్పు తెల్లగా ఉండటం. తెలుపు ఎండను వెనక్కి పంపుతుంది. హైదరాబాదులోని దేవరకొండ బస్తీలో 2017లో 25 పేద ఇళ్ల కప్పుల మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి పొర పరిచి చూశారు. అలాంటి పొర లేని ఇళ్లతో పోలిస్తే లోపల సగటున సుమారు 2 డిగ్రీలు తక్కువ ఉన్నట్టు తేలింది. రెండే కదా అనిపిస్తుంది. కానీ మే నెల రాత్రి నిద్ర పట్టడానికీ పట్టకపోవడానికీ ఆ రెండే తేడా కావచ్చు. అదే ఏడాది అహ్మదాబాదులో బస్తీ ఇళ్ల కప్పులకు తెల్ల సున్నం పూశారు. 2023లో తెలంగాణ ప్రభుత్వం 2028 దాకా వర్తించే కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులు చల్లటి కప్పులు కావాలన్నది దాని లక్ష్యం. ప్రభుత్వ భవనాలకు తప్పనిసరి. ఇళ్ల విషయానికొస్తే 600 గజాలు, ఆ పైన స్థలంలో కట్టేవాటికి తప్పనిసరి. చిట్యాల లాంటి ఊళ్లో నూరు, నూటయాభై గజాల్లో కట్టుకునేవాళ్లే ఎక్కువ. అంటే మనల్ని ఎవరూ బలవంతపెట్టరు. మనం తెలుసుకుని మనమే చేసుకోవాలి.

దీనికి ఎదురొచ్చే ప్రశ్నలు కూడా వినాలి. హైవే దుమ్ముకు తెలుపు నిలుస్తుందా? నిలవదు, మాసిపోతుంది, మాసినకొద్దీ పని తగ్గుతుంది. అందుకే ఎండలు ముదరక ముందు ఏడాదికోసారి కడగాలి. సున్నమైతే ఏటా పూయాలి, కానీ చౌక. అందుకోసమే తయారైన తెల్లటి పూతలైతే ఖరీదు, కానీ కొన్నేళ్లు వస్తాయి. ఎవరి స్తోమతకు తగ్గది వాళ్లు ఎంచుకోవచ్చు. చలికాలంలో ఇల్లు మరీ చల్లబడదా? మనకు చలి ఉండేది కొన్ని వారాలు, ఎండ ఉండేది కొన్ని నెలలు. లెక్క ఎటు మొగ్గుతుందో మీరే చూసుకోండి. ఇంకొందరు స్లాబు పైన రేకుల షెడ్డు వేస్తే ఎండా వానా రెండూ పోతాయంటారు. నీడ పడుతుంది, నిజమే. గాలి ఆడే ఎత్తులో వేస్తే మేలే చేస్తుంది. కానీ దానికి ఖర్చు ఎక్కువ. గాలిదుమారానికి తట్టుకునేలా గట్టిగా బిగించాలి. మున్సిపాలిటీ అనుమతి సంగతి కనుక్కోవాలి. కింద తుప్పు పట్టిన స్లాబును ముందు బాగుచేయకుండా పైన షెడ్డు వేస్తే జబ్బు దాచుకున్నట్టే. ఇక్కడ ఒక సంగతి మళ్లీ చెప్పాలి. తెల్లటి కప్పు తక్కువ వేడెక్కుతుంది. తక్కువ వేడెక్కితే తక్కువ సాగుతుంది. తక్కువ సాగితే చీలికలు తక్కువ. అంటే ఎండకు వేసిన అడ్డు వాననూ కొంత ఆపుతుంది.

రేకుల ఇళ్లలో ఉండేవాళ్లకు వేడి ఇంకా ఎక్కువ. తెల్ల పూత వల్ల అందరికంటే ముందు లాభపడేది వాళ్లే. సన్నటి రేకు ఎండను ఆపుకోలేదు, ఉన్నపళంగా కిందికి పంపుతుంది. అయితే పాత సిమెంటు రేకుల విషయంలో జాగ్రత్త. వాటిలో ఆస్బెస్టాస్ నార కలిసి ఉంటుంది. రేకు చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం ప్రమాదం తక్కువ. రంపంతో కోసినా, పగలగొట్టినా లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. ఆ దుమ్ము క్యాన్సరు తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి మార్చేటప్పుడు రేకును తడిపి, ముక్కలు చేయకుండా, ముక్కుకు సరైన మాస్కు పెట్టుకుని మొత్తంగా దించండి. పాత రేకు మీద నడవకండి, అది మనిషి బరువు ఆపదు. రేకులు ఎగిరిపోకుండా రాళ్లు పెట్టే అలవాటు ఉంది. దుమారం వచ్చిన రోజు ఆ రాళ్లే కిందపడతాయి. బోల్టు, వాషరు సరిగా బిగించడమే దానికి మందు.

ఇక తూములోంచి దిగిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? మన ప్రాంతంలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన బరువుంది. నల్లగొండ బోర్లలో ఫ్లోరైడ్ ఎన్ని కుటుంబాల ఎముకలను వంచిందో చెప్పనక్కర్లేదు. వాన నీటిలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. మన దగ్గర ఏడాదికి 700 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడుతుందనుకుంటే, నూరు గజాల స్లాబు మీద పడేది 50 వేల లీటర్లకు పైమాటే. అందులో ఎక్కువ భాగం మోరీలో కలుస్తోంది. మిషన్ భగీరథ తాగునీటి పథకం నీళ్లు వస్తున్నాయి కదా అనొచ్చు. తాగడానికి ఆ శుద్ధి చేసిన నీళ్లే వాడండి. వాన నీటిని తొట్టిలో పట్టి మొక్కలకు, బట్టలకు వాడుకోవచ్చు. లేదా ఇంకుడుగుంతలోకి పంపొచ్చు. కప్పు మీది దుమ్ము పోయేదాకా మొదటి వాన నీళ్లు వదిలేయాలి. నీటికి దారి చూపడమంటే ఇంటి నుంచి బయటికి తోలడం ఒక్కటే కాదు, పనికొచ్చే చోటికి చేర్చడం కూడా.

చివరగా గోడలు. పడమటి గోడ మీద సాయంత్రపు ఎండ నేరుగా పడుతుంది. అక్కడ ముదురు రంగులు వద్దు, లేత రంగు మేలు. వీలుంటే ఓ వేపచెట్టో కానుగ చెట్టో ఇంకా మేలు. కిటికీ సజ్జా అడుగున అంచు వెంట చిన్న గాడి తీయించండి. నీళ్లు గోడ వైపు పాకకుండా అక్కడే కిందికి రాలతాయి. ఎలివేషను టైల్సు, గ్రానైటు వద్దనను. ఎవరి సరదా వాళ్లది. కానీ వెనక నుంచి గోడ తడుస్తుంటే అతికించిన టైలు ఎన్నాళ్లో ఆగదు. ఎత్తునుంచి ఊడిపడితే కింద మనుషులుంటారు. అందుకే అందం మూడో వరుసలో ఉండాలన్నాను. మాకు ఇవన్నీ తెలియవు, మేస్త్రి ఉన్నాడు కదా అనే మాటకు కూడా జవాబు అదే. పని మేస్త్రిది, అడిగే బాధ్యత ఇంటివాళ్లది. గుత్త మాట్లాడుకునేటప్పుడే వాలు, తూములు, పిట్టగోడ వంపు, నీళ్లు పట్టే రోజులు కాగితం మీద రాయించుకోండి. డబ్బు చివరి వాయిదా ఇచ్చే ముందు కప్పు మీద బకెట్లతో నీళ్లు పోసి, అవి ఎటు నడుస్తున్నాయో చూడండి.

ఈ ప్రసంగం మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి. ముందు నీటికి దారి. తర్వాత ఎండకు అడ్డు. ఆ తర్వాతే అందం. ఏడాదికి రెండుసార్లు మెట్లెక్కండి. ఎండలు ముదరక ముందు ఒకసారి, చీలికలు చూసి తెలుపు వేయడానికి. తొలకరికి ముందు ఒకసారి, తూము మూతి తీయడానికి. ఈ రెండు పూటల పనికి ఖర్చయ్యేది ఒక చీపురు, ఒక బకెట్టు సున్నం, కాస్త ఓపిక. దాన్ని వాయిదా వేస్తే ఖర్చు పెరుగుతుంది, తుప్పు మాత్రం వాయిదా పడదు. ఈ ఏడు గోడకు కొత్త రంగు వేయించాలని డబ్బు దాచుకున్నవాళ్లుంటే, ఆ డబ్బు తీసే ముందు ఒక్కసారి పైకెక్కి చూడండి.